16 జీబీ ల్యాప్‌టాప్ మీద ఎల్ఎల్‌వీఎం సోర్స్ బిల్డ్: వాడి చూసిన సమీక్ష

ముందే చెప్పేస్తాను: ఎల్ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు) బిల్డ్ సిస్టమ్ మంచి సరుకు. కానీ ఏమీ మార్చకుండా ఉన్నదున్నట్టు నడిపితే 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద లింకింగ్ (కంపైల్ అయిన ముక్కల్ని కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసే దశ) దగ్గర కూలబడుతుంది. కొన్ని సెట్టింగులు మార్చుకుంటే అదే ల్యాప్‌టాప్ మీద రోజూ పని చేసుకోవచ్చు. కంది ఐఐటీలోనో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనో కంపైలర్ల కోర్సు చేస్తున్నవాళ్లు, ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి కంపెనీల హైదరాబాద్ ఆఫీసుల్లో కంపైలర్ ఉద్యోగాలకు తయారవుతూ పీజీ రూములో కూర్చుని మొదటి ప్యాచ్ రాస్తున్నవాళ్లు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆఫీసులో పెద్ద బిల్డ్ సర్వర్ ఉన్నవాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు.

ఒక మాట. ఆప్షన్ల పేర్లు, ఎర్రర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఇస్తున్నాను. టైప్ చేసేటప్పుడు సీమేక్ (బిల్డ్‌ను సిద్ధం చేసే టూల్) ఆప్షన్ పేర్లు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, అండర్‌స్కోర్లతో, ముందు మైనస్ డీ పెట్టి కొట్టాలి.

అసలు మీకు సోర్స్ బిల్డ్ కావాలా? చాలామందికి అక్కర్లేదు. సొంతంగా ఒక పాస్ (కోడ్‌ను పరిశీలించే లేదా మార్చే దశ) రాసి, ప్లగిన్‌గా ఆప్ట్‌లో (పాస్‌లు నడిపే టూల్) లోడ్ చేసి చూడటమే పనైతే ఉబుంటు మీద ఏపీటీ.ఎల్ఎల్‌వీఎం.ఆర్గ్ నుంచి కావలసిన వెర్షన్ ప్యాకేజీ దించుకోండి. వాళ్లే ఇచ్చే ఎల్ఎల్‌వీఎం.ఎస్‌హెచ్ స్క్రిప్టుకు వెర్షన్ నంబర్ ఇచ్చి నడిపితే క్లాంగ్ (ఎల్ఎల్‌వీఎం సీ, సీ++ కంపైలర్) వచ్చేస్తుంది. దానితోపాటు అదే వెర్షన్ డెవ్ ప్యాకేజీ, జెడ్‌లిబ్ డెవ్, జెడ్‌ఎస్‌టీడీ డెవ్ కూడా వేసుకోండి. చివరి రెండూ లేకపోతే మీ ప్రాజెక్టు సీమేక్ ఎల్ఎల్‌వీఎంను కనుక్కున్నాక కూడా జెడ్‌లిబ్ టార్గెట్ దొరకలేదనో, జెడ్‌ఎస్‌టీడీ టార్గెట్ దొరకలేదనో ఆగిపోతుంది. ఆ ఎర్రర్ చూసి తప్పు తమ సీమేక్ ఫైల్లో ఉందనుకుని గంటలు గంటలు దాన్నే తవ్వేవాళ్లు ఎందరో. ఎల్ఎల్‌వీఎం లోపలి కోడే మార్చాలన్నా, అసర్షన్లు (లోపలి తప్పుల్ని పట్టే తనిఖీలు) ఆన్‌లో ఉన్న ఆప్ట్ కావాలన్నా, ప్యాచ్ పంపాలన్నా మాత్రం సోర్స్ బిల్డ్ తప్పదు.

సోర్స్ దించడం సులువే. 2019 చివర్లో ఎల్ఎల్‌వీఎం, క్లాంగ్, ఎల్ఎల్‌డీ (లింకర్) వగైరా అన్నీ గిట్‌హబ్‌లో ఒకే రిపోజిటరీలోకి వచ్చాయి కాబట్టి పాత ట్యుటోరియళ్లలో చెప్పినట్టు క్లాంగ్‌ను విడిగా తెచ్చి టూల్స్ ఫోల్డర్లో పెట్టే పని ఇప్పుడు లేదు. పూర్తి చరిత్రతో క్లోన్ చేస్తే కొన్ని జీబీలు. హాస్టల్ వైఫై మీద అది మధ్యలో తెగితే మళ్లీ మొదటినుంచి దించాలి. డెప్త్ 1 పెట్టి ఒక్క ట్యాగ్ మాత్రమే తెచ్చుకోండి, ఉదాహరణకు ఎల్ఎల్‌వీఎంఆర్గ్-18.1.8. ప్యాచ్ పంపే ఆలోచన ఉంటే బ్లాబ్ నన్ ఫిల్టర్‌తో క్లోన్ చేయండి. చరిత్ర మొత్తం ఉంటుంది, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం అవసరమైనప్పుడే దిగుతుంది. వెర్షన్ అంకెల గురించి కొత్తవాళ్లకు ఒక తికమక ఉంటుంది: 18 నుంచి మొదటి రిలీజ్ 18.0 కాదు, 18.1.0. సున్నా ఉన్నది ఇంకా డెవలప్‌మెంట్‌లో ఉన్న మెయిన్ బ్రాంచ్.

కాన్ఫిగర్ దగ్గర జరిగే తప్పులు ఎక్కడ చూసినా అవే. రిపోజిటరీ మొదటి ఫోల్డర్లో సీమేక్ లిస్ట్స్ ఫైల్ ఉండదు, లోపలి ఎల్ఎల్‌వీఎం ఫోల్డర్‌ను సోర్స్‌గా చూపించాలి. బిల్డ్ ఫోల్డర్ వేరేగా ఉండాలి. సోర్స్ ఫోల్డర్లోనే సీమేక్ కొడితే ఒప్పుకోదు, అది మంచిదే. కానీ ఒప్పుకోకపోయినా సీమేక్‌క్యాష్.టీఎక్స్‌టీ, సీమేక్‌ఫైల్స్ అక్కడ మిగిలిపోతాయి. వాటిని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి. ఎల్ఎల్‌వీఎం 17 నుంచి సీమేక్ కనీసం 3.20 ఉండాలి, 16 నుంచి సీ++17 తెలిసిన కంపైలర్ ఉండాలి. జీసీసీ (గ్నూ కంపైలర్) అయితే 7.4 లేదా ఆపైది. బిల్డ్ టైప్ ఇవ్వకపోతే పాత వెర్షన్లు మాట్లాడకుండా డీబగ్ ఎంచుకునేవి. ఇప్పటివి ఎర్రర్ ఇచ్చి ఆగుతాయి. ఈ ఒక్క మార్పు ఎన్ని ల్యాప్‌టాప్‌లను కాపాడిందో.

తర్వాతది సెమీకోలన్. ఎల్ఎల్‌వీఎం_ఎనేబుల్_ప్రాజెక్ట్స్ విలువ క్లాంగ్;ఎల్ఎల్‌డీ అని ఇస్తాం కదా, దాన్ని కొటేషన్లలో పెట్టకపోతే బ్యాష్ సెమీకోలన్ దగ్గర కమాండ్ అయిపోయిందనుకుంటుంది. సీమేక్ ఒక్క క్లాంగ్‌తో కాన్ఫిగర్ అయిపోతుంది, ఆ తర్వాత ఎల్ఎల్‌డీ అనే కమాండ్‌ను షెల్ విడిగా నడపబోతుంది. కమాండ్ దొరకలేదనే ఒక్క లైను చివర్లో కనిపిస్తుంది. అది ఎవరి కంటా పడదు. బిల్డ్ అంతా అయ్యాక ఎల్ఎల్‌డీ ఏదని వెతుక్కోవాలి. లిబ్‌సీఎక్స్‌ఎక్స్, లిబ్‌సీఎక్స్‌ఎక్స్‌ఏబీఐ, లిబ్‌అన్‌వైండ్‌లను ప్రాజెక్ట్స్‌లో కాకుండా ఎల్ఎల్‌వీఎం_ఎనేబుల్_రన్‌టైమ్స్‌లో ఇవ్వాలి. పాత పద్ధతిని కొత్త వెర్షన్లు తిప్పికొడతాయి.

టార్గెట్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎల్ఎల్‌వీఎం_టార్గెట్స్_టు_బిల్డ్ ఏమీ ఇవ్వకపోతే అన్ని ప్రాసెసర్ల బ్యాకెండ్లూ (ఒక్కో ప్రాసెసర్‌కు కోడ్ తయారుచేసే భాగాలు) కడుతుంది: ఏఎండీజీపీయూ, హెక్సాగన్, మిప్స్, పవర్‌పీసీ, సిస్టమ్‌జెడ్, అన్నీ. వీటిలో ఏఎండీజీపీయూ, ఎక్స్86 చాలా పెద్దవి. మీ పని ఎక్స్86 మీదే అయితే ఒక్క ఎక్స్86 ఇవ్వండి, రిస్క్‌ఫైవ్ నేర్చుకుంటుంటే దాన్ని కలపండి. ఈ ఒక్క ఆప్షన్ బిల్డ్ సమయం నుంచి కోసేసినంత మరే ఆప్షనూ కొయ్యదు, పైగా దీనివల్ల పోయేదేమీ లేదు. డిఫాల్ట్‌గా అన్నీ ఆన్‌లో ఉంచడం ప్యాకేజీలు కట్టేవాళ్లకు సరిపోతుందేమో, కొత్తగా వచ్చేవాడికి మాత్రం సరైన నిర్ణయం కాదన్నది నా అభిప్రాయం.

ఇక అసలు గండం, లింకింగ్.

కంపైల్ చేసేటప్పుడు ఒక్కో సీ++ ఫైలుకు ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది, మామూలుగా ఒక్కోటి ఒక జీబీ అటూ ఇటూ తింటుంది. అంతవరకు ల్యాప్‌టాప్ తట్టుకుంటుంది. లైబ్రరీలు తయారయ్యాక ఆప్ట్, ఎల్ఎల్‌సీ, ఎల్ఎల్‌ఐ, ఎల్ఎల్‌వీఎం-ఎల్‌టీఓ, క్లాంగ్, ఇంకా డజన్ల కొద్దీ టూల్స్ అన్నీ ఇంచుమించు ఒకే సమయంలో లింక్‌కు సిద్ధమవుతాయి. డిఫాల్ట్‌గా ఇవన్నీ స్టాటిక్. అంటే అవే లైబ్రరీలు, డీబగ్ బిల్డ్ అయితే అదే డీబగ్ సమాచారం, ప్రతి టూల్‌లోకీ విడివిడిగా మళ్లీ మళ్లీ ఎక్కుతుంది. డీబగ్ క్లాంగ్‌ను గ్నూ ఎల్‌డీతో లింక్ చేస్తే ఆ ఒక్క ప్రాసెసే పలు జీబీలు పట్టేస్తుంది. బిల్డ్ పనుల్ని నడిపే నింజా టూల్ ఏమో మీ ప్రాసెసర్ థ్రెడ్లకు రెండు కలిపి అన్ని పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. 8 థ్రెడ్లుంటే 10 లింకులు. 16 జీబీ ఎక్కడ సరిపోతుంది?

అప్పుడేమవుతుందో దగ్గరనుంచి చూడండి. కౌంటర్ తొంభై శాతం దాటాక కదలడం మానేస్తుంది. మౌస్ పాయింటర్ బిగుసుకుపోతుంది, డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంది, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) నిండుతుంది. కొన్ని నిమిషాలకు కెర్నల్ ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. స్క్రీన్ మీద మీకు కనిపించేది: కలెక్ట్2, ఫేటల్ ఎర్రర్, ఎల్‌డీ టర్మినేటెడ్ విత్ సిగ్నల్ 9, కిల్డ్. కంపైల్ దశలోనే చచ్చిపోతే సీసీ1ప్లస్ పేరుతో అదే కిల్డ్ కనిపిస్తుంది. ఇందులో మెమరీ అన్న మాటే ఎక్కడా ఉండదు కాబట్టి కోడ్‌లో తప్పో, కంపైలర్ బగ్గో అనుకుంటారు. నిర్ధారించుకోవడానికి డీమెస్గ్ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) కొట్టి చివరి లైన్లు చూడండి. ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్ అని ప్రాసెస్ నంబరుతో సహా ఉంటే సంగతి తేలిపోయినట్టే.

మందు ఇదీ. జెనరేటర్‌గా నింజానే వాడండి. ఎల్ఎల్‌వీఎం_ప్యారలల్_లింక్_జాబ్స్=1 పెట్టండి. 32 జీబీ ఉంటే 2 లేదా 3 పెట్టుకోవచ్చు. కంపైల్ పనులు అన్ని కోర్ల మీదా నడుస్తూనే ఉంటాయి, లింకులు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వెళ్తాయి. ఇది నింజాలోని జాబ్ పూల్స్ మీద ఆధారపడి ఉంది. యునిక్స్ మేక్‌ఫైల్స్ జెనరేటర్‌తో ఈ ఆప్షన్ ఇస్తే ఒక హెచ్చరిక చూపించి పక్కన పెట్టేస్తుంది. మేక్‌తో కడుతూ, లింక్ జాబ్స్ 1 పెట్టినా ర్యామ్ నిండిపోతోందని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

రెండోది లింకర్ మార్చడం. ఎల్ఎల్‌డీని ఏపీటీతో వేసుకుని ఎల్ఎల్‌వీఎం_యూజ్_లింకర్=ఎల్ఎల్‌డీ అనండి. గ్నూ ఎల్‌డీ కంటే వేగమూ ఎక్కువ, తినే ర్యామూ తక్కువ. మోల్డ్ కూడా ఇక్కడ పనిచేస్తుంది, ఇంకా వేగం. ఎల్ఎల్‌డీకి ఇప్పటి రూపం ఇచ్చిన రూయి ఉయెయామానే తర్వాత మోల్డ్ రాశాడు. అయితే 16 జీబీ మీద రెండింటి మధ్య తేడా మీకు పెద్దగా తెలియదు. గ్నూ ఎల్‌డీ నుంచి బయటపడటంలోనే లాభమంతా ఉంది.

మూడోది బిల్డ్ టైప్. ఇక్కడ నాకు బలమైన అభిప్రాయం ఉంది: నూటికి తొంభై పనులకు డీబగ్ బిల్డ్ వద్దు. రిలీజ్ పెట్టి, ఎల్ఎల్‌వీఎం_ఎనేబుల్_అసర్షన్స్=ఆన్ ఇవ్వండి. ఉత్త రిలీజ్‌లో అసర్షన్లు ఉండవు. దాంతో ఆప్ట్‌కు మైనస్ డీబగ్, మైనస్ డీబగ్-ఓన్లీ ఆప్షన్లు కూడా ఉండవు, గుర్తు తెలియని ఆర్గ్యుమెంట్ అంటుంది. ట్యుటోరియల్ చూసి అవి కొట్టి, పనిచేయడం లేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందిది ఈ సమస్యే. అసర్షన్లు ఆన్ చేస్తే ఈ ఆప్షన్లు వస్తాయి, ఐఆర్ (కంపైలర్ లోపల వాడే మధ్యంతర కోడ్) తప్పుగా కట్టినచోట అసర్ట్ వెంటనే పట్టుకుంటుంది, బిల్డ్ ఫోల్డర్ చిన్నగా ఉంటుంది. డీబగ్ బిల్డ్‌కు 15 నుంచి 20 జీబీ డిస్క్ కావాలని అధికారిక డాక్యుమెంటేషనే చెబుతుంది, ప్రాజెక్టులు పెంచేకొద్దీ అదీ దాటుతుంది.

జీడీబీలో లైను లైనూ నడిపి చూడక తప్పదంటారా? అప్పుడు డీబగ్‌కు మూడు జతచేయండి. ఎల్ఎల్‌వీఎం_యూజ్_స్ప్లిట్_డ్వార్ఫ్=ఆన్ ఇస్తే డీబగ్ సమాచారంలో పెద్ద భాగం డీడబ్ల్యూఓ ఫైళ్లలో విడిగా ఉండిపోతుంది, లింకర్ దాన్ని మోయనక్కర్లేదు. ఎల్ఎల్‌వీఎం_ఆప్టిమైజ్డ్_టేబుల్‌జెన్=ఆన్ ఇస్తే టేబుల్‌జెన్‌ను (ప్రాసెసర్ల వివరాలున్న టీడీ ఫైళ్లు చదివి కోడ్ తయారుచేసే టూల్) మాత్రం విడిగా ఆప్టిమైజ్ చేసి కడుతుంది. ఇది లేకపోతే ఆప్టిమైజేషన్ లేని టేబుల్‌జెన్‌తోనే ఎక్స్86 టీడీ ఫైళ్లన్నిటినీ చదివించాలి, ఆ నత్తనడక భరించలేం. మూడోది బిల్డ్_షేర్డ్_లిబ్స్=ఆన్. లైబ్రరీలన్నీ విడివిడి ఎస్‌ఓ ఫైళ్లవుతాయి కాబట్టి ఒక్క ఫైలు మార్చినప్పుడు జరిగే లింకు చాలా చిన్నది. టూల్ మొదలవడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఈ ఆప్షన్ డెవలపర్ల పనికే తప్ప ఎవరికైనా పంచడానికి కట్టే బిల్డ్‌కు కాదు. దీన్నీ, ఎల్ఎల్‌వీఎం_లింక్_ఎల్ఎల్‌వీఎం_డీవైలిబ్‌నూ కలిపి ఇవ్వకండి, సీమేక్ ఒప్పుకోదు.

అన్నిటికంటే చవకైన ఉపాయం మరొకటుంది: అంతా కట్టకండి. ఉత్త నింజా అని కొడితే ఉన్న టూల్స్ అన్నీ కడుతుంది. నింజా ఆప్ట్ అని కొడితే ఆప్ట్‌కు కావలసినవే కడుతుంది. మిడిల్ ఎండ్ పాస్ మీద పనిచేసేవాడికి ఆప్ట్, ఎల్ఎల్‌వీఎం-డిస్, ఫైల్‌చెక్ ఉంటే రోజంతా గడిచిపోతుంది. టెస్టులు కూడా ఒక్కో ఫైలుకు బిల్డ్ ఫోల్డర్లోని బిన్ కింద ఉన్న ఎల్ఎల్‌వీఎం-లిట్‌తో మైనస్ వీ పెట్టి నడుపుకోవచ్చు. పూర్తి చెక్-ఎల్ఎల్‌వీఎం మాత్రం మిగిలిన టూల్స్ అన్నీ కట్టిస్తుంది, దాన్ని పుల్ రిక్వెస్ట్ పెట్టేముందు రాత్రిపూట వదిలేయండి.

విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల నడిచే లినక్స్) వాడేవాళ్లకు వేరే లెక్క. మామూలుగా అది మీ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. 16 జీబీ అని మీరనుకుంటున్నది లోపల 8 జీబీ. యూజర్ ఫోల్డర్లో డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైలు పెట్టి, డబ్ల్యూఎస్ఎల్2 విభాగం కింద మెమరీ=12జీబీ, స్వాప్=16జీబీ అని రాసి, పవర్‌షెల్‌లో డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ కొట్టి మళ్లీ తెరవండి. సోర్స్, బిల్డ్ రెండూ లినక్స్ హోమ్ ఫోల్డర్లోనే ఉండాలి. ఎంఎన్‌టీ కింద సీ డ్రైవ్‌లో పెడితే ప్రతి ఫైలు చదవడమూ 9పీ ప్రోటోకాల్ మీదుగా విండోస్ వైపు వెళ్లి రావాలి. ఎల్ఎల్‌వీఎంలో ఉన్నన్ని చిన్న చిన్న హెడర్లతో ఆ నడక తట్టుకోలేరు. బిల్డ్ చెరిపేసినా విండోస్ వైపు వీహెచ్‌డీఎక్స్ ఫైలు (ఆ లినక్స్ డిస్క్ అంతా ఉండే ఫైలు) సైజు దానంతటది తగ్గదు, సీ డ్రైవ్ ఖాళీ ఎక్కడికి పోయిందో తెలియకపోతే ముందు అది చూడండి.

సీక్యాష్‌కు (ఒకసారి కట్టిన ఆబ్జెక్ట్ ఫైళ్లను దాచి మళ్లీ ఇచ్చే టూల్) పూర్తి మార్కులు. 2002లో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఈ చిన్న టూల్ లేకుండా ఎల్ఎల్‌వీఎం మీద పనిచేయడం నాకు అర్థం కాని విషయం. ఎల్ఎల్‌వీఎం_సీక్యాష్_బిల్డ్=ఆన్ అంటే చాలు. బ్రాంచ్ మారిస్తే గిట్ ఫైళ్ల సమయాలు మార్చేస్తుంది, నింజా సమయం చూసే నిర్ణయిస్తుంది కాబట్టి వెనక్కి వచ్చినా మళ్లీ కంపైల్ చేయమంటుంది. అప్పుడు సీక్యాష్ పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు తెచ్చి ఇస్తుంది. కాకపోతే కొన్ని సర్దుబాట్లు చేయాలి. డిఫాల్ట్ పరిమాణం 5 జీబీ, రెండు మూడు రకాల బిల్డ్‌లకు సరిపోదు. 20 లేదా 25 జీబీకి పెంచండి. గిట్ వర్క్‌ట్రీతో రెండు ఫోల్డర్లు పెట్టుకుంటే బేస్_డిర్ ఆ రెండింటికీ పైనున్న ఫోల్డర్‌కు పెట్టి, హ్యాష్_డిర్=ఫాల్స్ చేయండి. లేకపోతే సీమేక్ ఇచ్చే పూర్తి పాత్‌ల వల్ల ఒక ఫోల్డర్లో కట్టింది రెండోదానికి పనికిరాదు. ఉబుంటు అప్‌డేట్‌లో జీ++ మారిన మర్నాడు అన్నీ మిస్ అవుతాయి, ఎందుకంటే సీక్యాష్ కంపైలర్ ఫైలు తేదీ, సైజు చూస్తుంది. లింకింగ్‌ను మాత్రం ఇది అసలు క్యాష్ చేయదు. అందుకే లింక్ జాబ్స్ సంగతి దీనితో తీరదు.

దీనికి తోడు ఎవరూ చెప్పని ఒక ఆప్షన్: ఎల్ఎల్‌వీఎం_అపెండ్_వీసీ_రెవ్=ఆఫ్. ఇది ఆన్‌లో ఉంటే గిట్ కమిట్ నంబర్ ఒక హెడర్‌లోకి వెళ్తుంది. మీరు కామెంట్‌లో ఒక్క అక్షరం దిద్ది కమిట్ చేసినా ఆ హెడర్ మారి, దాన్ని వాడే టూల్స్ అన్నీ మళ్లీ లింక్ అవుతాయి. రోజుకు పదిసార్లు కమిట్ చేసేవాడికి ఇదొక్కటీ ఆఫ్ చేస్తే పడే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏదైనా ఎందుకు మళ్లీ కడుతోందో తెలియకపోతే నింజా మైనస్ డీ (చిన్న అక్షరం) ఎక్స్‌ప్లెయిన్ కొట్టండి, ఏ ఫైలు వల్లో చెబుతుంది.

బిల్డ్ అయ్యాక వచ్చే తలనొప్పులు వేరే రకం, వీటిలో చాలావరకు పొంతన కుదరకపోవడమే. మీ ప్లగిన్ లింక్ చేసేటప్పుడు టైప్‌ఇన్ఫో ఫర్ ఎల్ఎల్‌వీఎం అంటూ అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తే ఆర్‌టీటీఐ (నడిచేటప్పుడు టైపు తెలిపే సమాచారం) తేడా. ఎల్ఎల్‌వీఎం డిఫాల్ట్‌గా ఆర్‌టీటీఐ లేకుండా కడుతుంది, మీ సీమేక్ ప్రాజెక్టు దానితో కడుతోంది. ఎల్ఎల్‌వీఎం-కాన్ఫిగ్‌ను హ్యాజ్-ఆర్‌టీటీఐ అని అడిగి, నో అంటే మీ ఫ్లాగుల్లో ఎఫ్‌నో-ఆర్‌టీటీఐ కలపండి. ఎనేబుల్ఏబీఐబ్రేకింగ్‌చెక్స్ లేదా డిసేబుల్ఏబీఐబ్రేకింగ్‌చెక్స్ దొరకలేదంటే ఒకవైపు అసర్షన్లు ఆన్, ఇంకోవైపు ఆఫ్. ఇది నిజానికి చక్కటి ఏర్పాటు: లోపలి స్ట్రక్చర్ల సైజులు రెండు వైపులా వేరుగా ఉండి, నడిచేటప్పుడు ఎక్కడో క్రాష్ అయ్యే బదులు లింక్ దగ్గరే ఆపేస్తుంది. ఇక టూల్ మొదలవగానే కమాండ్‌లైన్ ఎర్రర్, ఫలానా ఆప్షన్ రిజిస్టర్డ్ మోర్ దాన్ వన్స్ అని చచ్చిపోతే, ఒకే ప్రాసెస్‌లోకి ఎల్ఎల్‌వీఎం రెండుసార్లు వచ్చింది: ఒకసారి స్టాటిక్‌గా, ఒకసారి లిబ్ఎల్ఎల్‌వీఎం ఎస్‌ఓ రూపంలో. ప్లగిన్‌కు ఎల్ఎల్‌వీఎం లైబ్రరీలను లింక్ చేయకుండా వదిలేస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది, ఆప్ట్‌లో అవి ఎలాగూ ఉన్నాయి.

పాత వెర్షన్ కట్టాలంటే ఇంకో ఇబ్బంది. కోర్సు కోసమో, ఏదైనా పరిశోధన కోడ్ కోసమో 11, 12 కట్టమంటారు. మీ ల్యాప్‌టాప్‌లో కొత్త జీసీసీ ఉంటుంది. జీసీసీ 11 నుంచి కొన్ని హెడర్లు వేరేవాటిని చాటుగా లోపలికి తీసుకురావడం తగ్గింది, దాంతో బెంచ్‌మార్క్_రిజిస్టర్.హెచ్‌లో న్యూమరిక్_లిమిట్స్ ఎస్‌టీడీలో లేదంటుంది. ఆ ఫైలు పైన లిమిట్స్ ఇంక్లూడ్ చేయండి, లేదా ఎల్ఎల్‌వీఎం_ఇంక్లూడ్_బెంచ్‌మార్క్స్=ఆఫ్ పెట్టండి. జీసీసీ 13తో కడితే సిగ్నల్స్.హెచ్‌లో యూఇంట్‌పీటీఆర్_టీ తెలియదంటుంది, సీఎస్‌టీడీఇంట్ ఇంక్లూడ్ చేస్తే పోతుంది. ఇలా ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోవడం కంటే ఆ కాలం నాటి జీసీసీతో ఉబుంటు 20.04 డాకర్ ఇమేజ్‌లో కట్టడం మేలు.

కోడ్ కూడా వెర్షన్‌తో మారిపోతుందని మరిచిపోవద్దు. 13 నుంచి కొత్త పాస్ మేనేజర్ డిఫాల్ట్, 15 నుంచి ఒపేక్ పాయింటర్లు డిఫాల్ట్, 17లో పాత టైప్డ్ పాయింటర్లు పూర్తిగా పోయాయి. గెట్‌పాయింటర్ఎలిమెంట్‌టైప్ వాడే ట్యుటోరియల్ కనిపిస్తే దాని తేదీ చూసి పక్కన పెట్టండి. కంది ఐఐటీ కంపైలర్ల బృందం నుంచి 2020లో వచ్చిన ఐఆర్2వెక్ (ఐఆర్‌ను అంకెల వెక్టర్లుగా మార్చే పద్ధతి) లాంటి పని చూసి ఈ దారిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అలాంటి రిపోజిటరీ ఏది తెచ్చినా రీడ్‌మీలో చెప్పిన ఎల్ఎల్‌వీఎం వెర్షన్‌తోనే మొదట కట్టండి. కొత్తదానికి మార్చే పని ఆ తర్వాత.

జీసీసీతో పోల్చమని అడుగుతుంటారు. ర్యామ్ జీసీసీ తక్కువే తింటుంది, 8 జీబీ మీద కూడా పెద్దగా గొడవ చేయదు. కానీ డిఫాల్ట్‌గా తనను తాను మూడు దశల్లో కట్టుకుంటుంది, నేర్చుకోవడానికైతే డిసేబుల్-బూట్‌స్ట్రాప్ పెట్టండి. స్టబ్స్-32.హెచ్ లేదంటే డిసేబుల్-మల్టీలిబ్ పెట్టండి. ఒక ఫైలు మార్చి మళ్లీ కట్టే వేగంలో, ఎర్రర్ ఎక్కడుందో తెలియడంలో, కంపైల్_కమాండ్స్.జేసన్ దానంతటదే వచ్చి క్లాంగ్‌డీకి (ఎడిటర్‌కు కోడ్ సాయం అందించే టూల్) అందడంలో ఎల్ఎల్‌వీఎందే పైచేయి.

డాక్యుమెంటేషన్‌కు మాత్రం మార్కులు తగ్గిస్తున్నాను. ఉన్నది మంచిదే, కానీ చెదిరిపోయి ఉంది. గెటింగ్ స్టార్టెడ్‌లో కొంత, బిల్డింగ్ విత్ సీమేక్‌లో కొంత, అడ్వాన్స్‌డ్ బిల్డ్స్‌లో కొంత, కొన్ని ఆప్షన్లు సీమేక్ కోడ్ చదివితే తప్ప కనిపించవు. తక్కువ ర్యామ్ ఉన్నవాడు ఏం పెట్టుకోవాలో చెప్పే పేజీ ఒక్కటి ఉంటే సగం ప్రశ్నలు రావు.

హైదరాబాద్‌లో కట్టేవాళ్లు చూసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఏసీ లేని రూములో పలచటి ల్యాప్‌టాప్ అన్ని థ్రెడ్లతో గంటసేపు కంపైల్ చేస్తే వేడెక్కి ప్రాసెసర్ తనే స్పీడు తగ్గించుకుంటుంది. సెన్సార్స్ కమాండ్‌తో చూస్తూ నింజాకు మైనస్ జే విలువ రెండు మూడు తగ్గించి చూడండి. వేడి తగ్గి, మొత్తం సమయం పెద్దగా పెరగకపోతే దానికే ఫిక్స్ అయిపోండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాల్సిందే. కరెంటు పోయినా నింజా ఆగినచోట నుంచే అందుకుంటుంది. కానీ అయిపోయిందని లాగ్‌లో రాసుకున్న కొన్ని ఫైళ్ల సరుకు డిస్కుకు చేరకముందే కరెంటు పోతే సున్నా సైజు ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగులుతాయి, నింజా వాటిని మంచివే అనుకుంటుంది. తర్వాత లింక్‌లో ఫైల్ ఫార్మాట్ తెలియడం లేదనో, ఫలానా సింబల్ లేదనో వింత ఎర్రర్లు. బిల్డ్ ఫోల్డర్లో సైజు సున్నా ఉన్న డాట్ ఓ, డాట్ ఏ ఫైళ్లను ఫైండ్‌తో వెతికి చెరిపి మళ్లీ నింజా కొట్టండి, మొత్తం బిల్డ్ చెరిపే పని లేదు.

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే ప్రాసెసర్ మీద కాకుండా ర్యామ్ మీద పెట్టండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్లేముందు సుడో డీఎంఐడీకోడ్ మైనస్ టీ మెమరీ కొట్టి, ఎన్ని స్లాట్లున్నాయో, డీడీఆర్4నో 5నో, స్పీడెంతో ఫోటో తీసుకోండి. పలచటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర రో ఆఫ్ చిప్స్ అని కనిపిస్తే అదే అనుమానించాలి, షాపువాళ్లను వెనక మూత తీసి చూపించమనండి. పెంచే వీలే లేకపోతే ఎన్‌వీఎంఈ మీద 16 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకుని లింక్ జాబ్స్ 1 దగ్గరే ఉంచండి. స్వాప్ బిల్డ్‌ను వేగం చేయదు, కానీ చివరి క్లాంగ్ లింకు దగ్గర కెర్నల్ చంపకుండా ఆపుతుంది.